అంతర్జాల పటాలలో పొరల నిర్వహణ – పరిశోధనా ఫలితాలపై దాని ప్రభావం

వ్యాస సంగ్రహం:

అంతర్జాల పటంలో కనిపించే ప్రతి పొర వెనుక నిర్వాహకుడు చేసిన కొన్ని నిర్ణయాలు ఉంటాయి. పొరను ఏ సేవగా ప్రచురించాలి, ఏ ప్రక్షేపాన్ని ప్రకటించాలి, ఒక్కసారి ఎన్ని వరుసలు ఇవ్వాలి, ఎవరికి అనుమతి ఇవ్వాలి, పాత సరిహద్దుల స్థానంలో కొత్తవి ఎప్పుడు పెట్టాలి అనేవి వాటిలో ముఖ్యమైనవి. ఇవి తెరపై కనిపించవు కాని, పటం ఆధారంగా వేసే లెక్కలను మార్చివేస్తాయి. ఆ నిర్ణయాల స్వరూపాన్ని, పరిశోధకుడు వాటిని గుర్తించగల మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: అంతర్జాల పటం, పొర, పటసేవ, ప్రక్షేపం, పలకల నిల్వ, సరిహద్దుల కాలక్రమం.

1. పొర, సేవ, పోర్టల్

సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసిన స్థలాకృతి పటాన్ని చేతిలోకి తీసుకుంటే, సర్వే జరిగిన సంవత్సరం, స్కేలు, ముద్రణ వివరాలు దాని అంచుమీదనే ఉంటాయి. అంతర్జాల పటానికి అటువంటి అంచు లేదు. తెరపై ఉన్నది ఆ క్షణాన ఒక సర్వర్ పంపిన సమాధానం మాత్రమే. మరునాడు అదే చిరునామాను అడిగితే వేరొక సమాధానం రావచ్చు.

దత్తాంశం సాధారణంగా ఒక డేటాబేస్‌లో గాని, ఫైల్‌లో గాని ఉంటుంది. దానికి రంగులు, గీతలు, పేర్లు ఎలా కనిపించాలో చెప్పే శైలిని జతచేస్తే అది పొర అవుతుంది. ఆ పొరను ఇతరులు అడిగి తెచ్చుకోవడానికి వీలుగా ఒక చిరునామా ఇస్తే అది సేవ. ఇటువంటి పొరల పట్టికను, వాటి యజమానులను, అనుమతులను ఒకచోట ఉంచేది పోర్టల్. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం నిర్వహిస్తున్న ఇస్రో వారి భువన్ 2009లో మొదలైంది. మన దేశంలో పరిశోధకులకు బాగా తెలిసిన పోర్టల్ అదే. విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలు జియోసర్వర్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో గాని, ఆర్క్‌జీఐఎస్ వంటి వాణిజ్య వ్యవస్థతో గాని సొంత పోర్టళ్లను నడుపుకోవచ్చు. ఒకే పొరను ఎన్నో పటాలు వాడుకుంటాయి గనుక, నిర్వాహకుడు ఒక పొరలో చేసిన మార్పు అతడెన్నడూ చూడని పటాలలో కూడా ప్రతిఫలిస్తుంది.

2. చిత్రం ఇచ్చే సేవ, దత్తాంశం ఇచ్చే సేవ

1994లో ఏర్పడిన ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం పటసేవలకు ఉమ్మడి ప్రమాణాలను రూపొందించింది. వాటిలో 2000లో వచ్చిన వెబ్ మ్యాప్ సర్వీస్ (డబ్ల్యూ.ఎం.ఎస్.) చిత్రాన్ని మాత్రమే పంపుతుంది. వెబ్ ఫీచర్ సర్వీస్ (డబ్ల్యూ.ఎఫ్.ఎస్.) బిందువులను, రేఖలను, బహుభుజాలను వాటి లక్షణ పట్టికతో సహా పంపుతుంది. మొదటిదాన్ని మన పటం కింద పరచుకోవచ్చు కాని, అందులోని చెరువులను లెక్కించలేము. చాలామంది ఆ చిత్రం మీదనే మళ్లీ గీతలు గీసి విస్తీర్ణం లెక్కిస్తారు. అలా గీసినప్పుడు, నిర్వాహకుడు ఆ స్కేలుకు తగినట్లు సరళీకరించిన వంపులు కూడా లెక్కలో చేరిపోతాయి. కొన్ని పొరలు నిర్ణీత స్కేలు దాటితే కనిపించకుండా అమర్చబడి ఉంటాయి. చిన్న కాలువలు తెరపై లేవంటే భూమిమీద లేవని కాదు.

దత్తాంశం ఇచ్చే సేవలో మరొక చిక్కు ఉంది. ఒక్క విన్నపం సర్వర్ మొత్తాన్ని ఆక్రమించకుండా నిర్వాహకుడు గరిష్ఠ వరుసల సంఖ్యను నిర్ణయిస్తాడు. అనేక సేవలలో ఇది 1000 లేదా 2000గా ఉంటుంది. పదివేల గ్రామాలున్న పొరను అడిగిన విద్యార్థికి మొదటి రెండు వేలు మాత్రమే వస్తాయి. ఇంకా మిగిలి ఉన్నాయన్న సూచన సమాధానంలో ఒక మూలన ఉండవచ్చు గాని, దాన్ని చదవని ప్రోగ్రాం దోషం చూపదు. అందుకే ముందు మొత్తం సంఖ్యను మాత్రమే అడిగి, తరువాత విడతలవారీగా తెచ్చుకోవాలి. దిగుమతి చేసుకున్న పట్టికలో సరిగ్గా 2000 వరుసలుంటే అనుమానించడం మంచిది. గ్రామాలు అంత గుండ్రని సంఖ్యలో దొరకడం అరుదు.

3. ప్రక్షేపం ప్రకటన

పొరల నిర్వహణలో అతి తక్కువ శ్రద్ధతో పూర్తిచేసే గడి, అతి ఎక్కువ నష్టం చేసే గడి ఇదే. ప్రతి పొరకు దాని నిర్దేశాంక వ్యవస్థను ఒక ఇ.పి.ఎస్.జి. సంఖ్యతో ప్రకటించాలి. అక్షాంశ రేఖాంశాలకు 4326, అంతర్జాల పటాల మెర్కేటర్‌కు 3857, తెలుగు రాష్ట్రాలలో అధిక భాగం ఉన్న యు.టి.ఎం. 44వ మండలానికి 32644. అనంతపురం, తాండూరు, నారాయణపేట వంటి పశ్చిమ ప్రాంతాలు 78 డిగ్రీల రేఖాంశానికి ఇవతల ఉండడం వలన 43వ మండలంలోకి, అంటే 32643లోకి వస్తాయి. రాష్ట్రం మొత్తానికి ఒకే సంఖ్య వేసేటప్పుడు దీన్ని గమనించాలి.

జియోసర్వర్‌లో పొరను ప్రచురించేటప్పుడు మూడు మార్గాలు ఎదురవుతాయి. దత్తాంశంలో ఉన్న ప్రక్షేపాన్ని పట్టించుకోకుండా ప్రకటించిన సంఖ్యనే నిజమనుకోవడం మొదటిది. ఉన్నదాని నుండి ప్రకటించినదానికి గణితపరంగా మార్చడం రెండవది. ఉన్నదాన్ని ఉన్నట్లే ఉంచడం మూడవది. ఏమీ మార్చకపోతే మొదటిదే అమలవుతుంది. దత్తాంశానికి ప్రక్షేప సమాచారం అసలు లేనప్పుడు అది ఉపయోగకరం. కాని దత్తాంశం ఒక వ్యవస్థలో ఉండి ప్రకటన మరొకటైతే, అంకెలు మారకుండా వాటి అర్థం మాత్రమే మారిపోతుంది. పాత భారతీయ పటాలు ఎవరెస్టు దీర్ఘవృత్తాభంపై ఆధారపడినవి. వాటినుండి గీసిన చెరువుల పొరను 4326 అని ప్రకటిస్తే, హైదరాబాదు ప్రాంతంలో ప్రతి చెరువూ వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. రాష్ట్రస్థాయి పటంలో ఆ జరుగుడు కంటికి ఆనదు. చెరువు శిఖం భూమి ఏ సర్వే నంబరులో పడుతుందన్న ప్రశ్నకు మాత్రం తప్పు జవాబు వస్తుంది. ఆక్రమణలను గుర్తించే అధ్యయనాలలో ఇటువంటి పొర ఒక కుటుంబం ఇంటిని చెరువులో ఉన్నట్లు చూపగలదు, లేదా చెరువులో కట్టిన భవనాన్ని గట్టుమీదికి చేర్చగలదు.

అక్షాంశ, రేఖాంశాల వరుస కూడా ఇక్కడ ప్రస్తావించదగినదే. డబ్ల్యూ.ఎం.ఎస్. 1.1.1 కూర్పులో 4326కు రేఖాంశం ముందు, అక్షాంశం తరువాత రావాలి. 1.3.0 కూర్పులో అక్షాంశమే ముందు. సుమారు 17.4 ఉత్తర అక్షాంశం, 78.5 తూర్పు రేఖాంశంలో ఉన్న హైదరాబాదును పాత వరుసలో కొత్త కూర్పును అడిగితే, సర్వర్ 78.5 ఉత్తర అక్షాంశానికి, అంటే ఆర్కిటిక్ సముద్రంలోని స్వాల్‌బార్డ్ దీవులకు వెళుతుంది. అక్కడ మన పొరలో ఏమీ లేదు గనుక ఖాళీ చిత్రం వస్తుంది. దోష సందేశం రాదు కాబట్టి పొరే పోయిందని భావించి గంటల తరబడి వెతికేవారున్నారు.

ఇక మెర్కేటర్ సంగతి. అంతర్జాల పటాలు దాదాపు అన్నీ వాడే 3857 ప్రక్షేపం భూమధ్యరేఖకు దూరమయ్యే కొద్దీ విస్తీర్ణాన్ని పెంచి చూపుతుంది. హైదరాబాదు అక్షాంశం వద్ద పొడవు సుమారు 5 శాతం, విస్తీర్ణం సుమారు 10 శాతం ఎక్కువగా వస్తాయి. 100 ఎకరాల చెరువు దాదాపు 110 ఎకరాలవుతుంది. తెరపై చూడడానికి ఈ ప్రక్షేపం చాలు. విస్తీర్ణాన్ని మాత్రం యు.టి.ఎం.లోకి గాని, సమవైశాల్య ప్రక్షేపంలోకి గాని మార్చి, లేదా భూగోళ ఉపరితలం మీదనే లెక్కించాలి.

4. పలకల నిల్వ

చిత్రాన్ని ప్రతిసారీ కొత్తగా గీయడం సర్వర్‌కు భారం. అందువలన పటాన్ని ముందుగానే 256 పిక్సెళ్ల చదరపు పలకలుగా కోసి నిల్వ ఉంచుతారు. సున్నా స్థాయిలో ప్రపంచమంతా ఒకే పలక. ఒక్కొక్క స్థాయి లోపలికి వెళ్లేకొద్దీ పలకలు నాలుగు రెట్లవుతాయి. 10వ స్థాయిలో పది లక్షలు దాటుతాయి, 18వ స్థాయిలో 6,871 కోట్లు దాటుతాయి. అన్ని స్థాయిలనూ నింపితే మొత్తం పలకలలో ముప్పాతిక వంతు చివరి స్థాయివే. కాబట్టి కళాశాల సర్వర్‌లో పరిమిత స్థలం ఉన్న నిర్వాహకుడు తన జిల్లా పరిధిని, అవసరమైన స్థాయిలను మాత్రమే నింపుకోవాలి. చివరి స్థాయిని వదిలేయడమే పెద్ద పొదుపు.

నిల్వ వలన వచ్చే చిక్కు కాలానికి సంబంధించినది. దత్తాంశం మారినా పలకలు వాటంతట అవి మారవు. 2022లో ప్రారంభమైన మల్లన్నసాగర్ జలాశయాన్ని ఒక పొరలో చేర్చి, లోపలి స్థాయిల పలకలను మాత్రమే పునర్నిర్మించారనుకుందాం. దూరం నుండి చూస్తే అక్కడ పొలాలు, దగ్గరకు వెళితే నీళ్లు కనిపిస్తాయి. పొలాల మీద నొక్కి వివరం అడిగితే, ఆ ప్రశ్న నేరుగా డేటాబేస్‌కు వెళ్లి జలాశయమని జవాబు తెస్తుంది. రెండు కాలాలను ఒకే తెరమీద చూపే ఇటువంటి పటాన్ని తెరపట్టుగా సిద్ధాంతగ్రంథంలో పెడితే, అది ఏ సంవత్సరపు పటమో ఎవరూ చెప్పలేరు.

5. అనుమతులు

పొర యజమానికి మాత్రమే కనిపించాలా, ఒక బృందానికా, సంస్థకంతటికీనా, అందరికీనా అన్నది పోర్టల్‌లో ఒక్క నొక్కుతో తేలిపోతుంది. క్షేత్రపర్యటనలో ఇంటింటికీ వెళ్లి సేకరించిన వివరాలు ఉన్నప్పుడు ఇది నైతిక నిర్ణయం కూడా. ఇక్కడ తరచు కనబడే అపోహ ఒకటుంది. ఒక ఇంటిపై నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టెలో కులం, వ్యాధి, ఆదాయం గడులు కనిపించకుండా చేస్తే అవి దాచబడ్డాయని అనుకుంటారు. అవి తెరమీద మాత్రమే దాగుతాయి. సేవ చిరునామా తెలిసినవారు నేరుగా అడిగితే ఆ గడులన్నీ వస్తాయి. దిగుమతి బొత్తామును తీసివేసినంత మాత్రాన కూడా దత్తాంశం భద్రం కాదు. మూల పొరను బృందానికే పరిమితం చేసి, సున్నితమైన గడులు లేని, మార్పులకు వీలులేని వేరొక దృశ్యాన్ని దానినుండి తయారుచేసి బయటికి ఇవ్వడం సరైన పద్ధతి. అప్పటికీ ఇంటి స్థానబిందువే మనిషిని పట్టిస్తుంది గనుక, బహిరంగ పొరలో గ్రామస్థాయి మొత్తాలే ఉండాలి.

మార్పులు చేసే అనుమతి ఇచ్చినప్పుడు, ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో నమోదు చేసే సదుపాయాన్ని మొదటిరోజే ఆన్ చేయాలి. తరువాత చేస్తే వెనుకటి చరిత్ర రాదు. పొర యాజమాన్యం విద్యార్థి ఖాతాలో కాక విభాగపు ఖాతాలో ఉండడం మేలు. పట్టా తీసుకున్న విద్యార్థి ఖాతా మూతపడే నాటికి ఆ పొరలపై ఎవరెవరి పటాలు ఆధారపడి ఉన్నాయో విభాగానికి తెలియకపోవచ్చు.

6. పొరను మార్చడం, తొలగించడం

2014 జూన్ 2న పది జిల్లాలతో ఏర్పడిన తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13గా ఉన్న జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ‘జిల్లాలు’ అన్న పేరుతో ఒక పొరను నడిపే నిర్వాహకునికి ప్రతిసారీ రెండు దారులుంటాయి. పాత దత్తాంశం మీదనే కొత్తదాన్ని పరచడం సులువు. చిరునామా మారదు, పటాలన్నీ తమంతట తామే నవీనమవుతాయి. నవీనం కాకూడని పటాలు కూడా అలాగే మారిపోవడమే దీనిలోని ప్రమాదం.

2011 జనాభా లెక్కల పట్టికలో వరంగల్ జిల్లా జనాభా సుమారు 35 లక్షలు. అది పాత జిల్లా. 2016లో అది అనేక జిల్లాలుగా విడిపోయింది. వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు 2021లో హనుమకొండ, వరంగల్ అన్న పేర్లు పొందాయి. 2011 పట్టికను నేటి పొరతో జిల్లా పేరు ఆధారంగా కలిపితే, పాత జిల్లా జనాభా మొత్తం దానిలో ఒక చిన్న భాగమైన నేటి వరంగల్ బహుభుజంలోకి చేరుతుంది. పేరు కలిసింది గనుక సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు. ఆ లెక్కన జనసాంద్రత అనేక రెట్లు పెరుగుతుంది. దాని చుట్టూ ఉన్న కొత్త జిల్లాలు ఖాళీగా మిగులుతాయి. ఖాళీలు పట్టుబడతాయి. నిండుగా కనిపించే తప్పు అంత తేలికగా పట్టుబడదు.

రెండవ దారి శ్రమతో కూడినదే అయినా పరిశోధనకు అదే తగినది. ప్రతి పునర్విభజనకు తేదీతో కూడిన వేరు పొరను ప్రచురించాలి. లేదా ఒకే పొరలో ప్రతి బహుభుజానికి అమలులోకి వచ్చిన తేదీ, ముగిసిన తేదీ అనే రెండు గడులు ఉంచి, కోరిన నాటి సరిహద్దులను అడిగే వీలు కల్పించాలి. పాత పొరను తొలగించకుండా ‘వాడుక నిలిచినది’ అని గుర్తించి, కొత్తదాని చిరునామాను వివరణలో ఇవ్వాలి. తొలగించక తప్పనప్పుడు దానిమీద ఆధారపడిన పటాలేవో ముందు చూసుకోవాలి. చాలా పోర్టళ్లలో పొరపాటు తొలగింపును అడ్డుకునే అమరిక ఉంటుంది. ముఖ్యమైన పొరలన్నింటికీ దాన్ని పెట్టి ఉంచాలి.

పరిశోధకుని వైపు నుండి చూస్తే, పటం కింద పోర్టల్ పేరు ఒక్కటే రాయడం ఆధారం కాదు. సేవ చిరునామా, పొర పేరు, ప్రమాణపు కూర్పు, వాడిన ఇ.పి.ఎస్.జి. సంఖ్య, వచ్చిన వరుసల సంఖ్య, తెచ్చుకున్న తేదీ కలిసి రెండు పంక్తులకు మించవు. లైసెన్సు అనుమతించినచోట, తెచ్చుకున్న దత్తాంశం ప్రతిని సిద్ధాంతగ్రంథంతో పాటు విశ్వవిద్యాలయానికి సమర్పించాలి. అనుమతించనిచోట కనీసం సరిహద్దులు ఏ తేదీనాటివో, జిల్లాలు ఎన్ని ఉన్నాయో పటసూచికలోనే రాయాలి.