హైస్కూలు మార్కులు – సోదరీ సంఘములలో ప్రవేశము

ఆడపిల్ల పదవ తరగతి దాటినంతనే తల్లిదండ్రులకు రెండు చింతలు కలుగును. ఏ కాలేజిలో చేర్పింపవలె ననునది మొదటిది. అచ్చట పిల్ల ఎవరి చెంత నుండు ననునది రెండవది. హళ్ళిఖేడు నుండి బీదరునకో, కలబురగికో, హైదరాబాదునకో పంపువారు మంచి హాస్టలు దొరకినచో ఊరట చెందుదురు. బంధువులను నమ్ముకొని అమెరికాకు పంపదలచువారి చెవిని మాత్రము ‘సొరోరిటీ’ అను క్రొత్త మాట పడుచున్నది. అది యేమి, హైస్కూలు మార్కులకును దానికిని గల సంబంధ మేమి అను విషయము తల్లిదండ్రులకు తెలియుట అవసరము.

లాటిను భాషలో ‘సొరోర్’ అనగా తోబుట్టువు. సొరోరిటీ అనగా కాలేజి విద్యార్థినులు తమలో తాము కట్టుకొనిన సోదరీ సంఘము. 1851లో జార్జియా రాష్ట్రమున మేకన్ పట్టణమందలి వెస్లియన్ స్త్రీల కాలేజిలో వెలసిన సంఘము వీనిలో మిక్కిలి పాతది. దానికే నేడు ఆల్ఫా డెల్టా పై అని పేరు. 1902లో ఏర్పడిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్సున నేడు 26 సంఘములు కలవు. 1908లో హోవర్డు విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫాను స్థాపించిరి. 1998లో టెక్సాసు, న్యూయార్కు రాష్ట్రములలో భారతదేశపు మూలములు గల విద్యార్థినులు డెల్టా ఫై ఒమేగా, కప్పా ఫై గామా, సిగ్మా సిగ్మా రో అను సంఘములకు అంకురార్పణ చేసిరి. పరాయి నేలపై చిన్న సమూహముగా నున్నవారు ఒకరికొకరు ఆసరాగా నిలువవలె నను కోరిక మన కపరిచిత మైనది కాదు.

ఇక మార్కుల సంగతి. పెక్కు విద్యాలయములలో సంఘ ప్రవేశము కాలేజి తెరచిన తొలి వారములలోనే జరుగును. అప్పటికి పిల్లకు కాలేజి మార్కులు లేవు. కావున హైస్కూలు మార్కులే ప్రమాణ మగును. అచ్చట ‘ఏ’ గ్రేడునకు 4, ‘బి’కి 3, ‘సి’కి 2 చొప్పున గుణించి సరాసరి తీయుదురు. ఆ సరాసరి ఇంతకు తగ్గరాదని ప్రతి శాఖయు ఒక హద్దు పెట్టుకొనును. ఆ హద్దు తరచుగా 2.5, 3.0ల నడుమ నుండును. పోటీ హెచ్చుగా నున్నచోట అంతకు మించియు నుండును.

ఒక ఉదాహరణము చూతము. తొమ్మిదవ తరగతిలో 2.0, పిమ్మట మూడేండ్లలో 3.0, 3.5, 3.5 వచ్చిన పిల్లకు నాలుగేండ్ల సరాసరి 3.0 మాత్రమే. కడపటి మూడేండ్లు మాత్రమే లెక్కించినచో 3.3 దాటియుండెడిది. మొదటి యేటి అశ్రద్ధ తుదివరకు వెంటాడు ననుటకు ఇదియే నిదర్శనము.

సంఘములు మార్కులను ఇంతగా ఏల చూచును? విద్యాలయములు ప్రతి శాఖ సభ్యుల సరాసరిని గణించును. పెక్కుచోట్ల దానిని ప్రకటించును కూడ. సరాసరి దిగజారిన శాఖపై ఆంక్షలు వచ్చును. కావున చదువున వెనుకబడునేమో యని తోచిన పిల్లను చేర్చుకొనుటకు శాఖలు జంకును.

అయినను మార్కులు గడప దాటించునే గాని పీట వేసి కూర్చుండబెట్టవు. హద్దు దాటినవారిలో నుండి మాటతీరు, సేవాభిలాష, కలుపుగోలుతనము చూచి ఎన్నుకొందురు. హద్దు దాటనివారికిని దారి మూసికొనిపోదు. మొదటి అర్ధసంవత్సరమున కాలేజిలో మంచి మార్కులు తెచ్చుకొని మరల యత్నింపవచ్చును. కొన్ని విద్యాలయములు మొదటి అర్ధసంవత్సరము గడచినగాని ఎవ్వరిని చేరనీయవు. సభ్యత్వమునకు వందల డాలర్లు, కొన్నిచోట్ల వేల డాలర్లు వ్యయ మగునని కూడ తల్లిదండ్రులు ముందుగానే గుర్తింపవలెను. చేరకున్నను చదువునకు లోటు లేదు.

అమెరికా మాట అటుంచుడు. 1930వ దశకమున దుర్గాబాయి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరబోగా స్త్రీలకు వసతి లేదను అభ్యంతరము వచ్చినది. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, చదువగోరు యువతులను కూడగట్టి, వారితో కలిసి తామే ఒక వసతిగృహము నేర్పరచుకొనినది. పేరు వేరైనను అదియు సోదరీ సంఘమే. ఆమె చెన్నపట్టణమున 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తొలినాళ్ళలోనే స్త్రీలను కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపరచినది. తోడు, చదువు అచ్చట విడిపోలేదు.

మన జిల్లాలో పిల్లకు హాస్టలు సీటు కావలసినను కుటుంబాదాయము, వర్గములతోపాటు మార్కులును అక్కరకు వచ్చును. కనుక తల్లిదండ్రులు మూడు పనులు చేయవలెను. తొమ్మిదవ తరగతి నుండి ప్రతి యేటి మార్కుల పట్టికను భద్రపరుపుడు. విదేశీ కాలేజీలు ఆ నాలుగేండ్ల పట్టికలను అడుగును. ఇంగ్లీషులో లేని పత్రములకు ధ్రువీకరించిన అనువాదములు సిద్ధముగా నుంచుడు. ఇంటిపనికి పిల్లను బడి మాన్పింపకుడు. ఒక యేటి నష్టమును పూడ్చుటకు మూడేండ్లును చాలవని పై లెక్కయే చెప్పుచున్నది.

పిల్ల ఎంత దూరము పోయినను తోడు కావలసినదే. ఆ తోడును తాను ఎంచుకొనగల శక్తి నేటి చదువు వలననే ఆమెకు లభించును.