చెక్కపొర సామానులో సొట్ట పడితే...

పెళ్ళికి పెట్టిన మంచం, అద్దాల బల్ల, పిల్లల చదువుబల్ల ఇవన్నీ మన ఇళ్ళలో కష్టార్జితంతో కూడిన వస్తువులు. వాటిమీద ఇత్తడి బిందె జారిపడినా, చంటివాడు రుబ్బుగుండు దొర్లించినా సొట్ట పడుతుంది. కొందరు "ఇక ఇంతే" అని గుడ్డ కప్పి వదిలేస్తారు. మరికొందరు గరుకు కాగితం తెచ్చి రుద్దుతారు. ఈ రెండవ పనివల్ల జరిగే నష్టం సొట్టకంటె పెద్దది. ఎందుకో చూద్దాం.

పొర ఎంత మందం?

మన తాతల కాలంలో నల్లమల టేకుతో చేసిన మంచాలు లోపలా బయటా ఒకే కొయ్య. ఎంత చిత్రిక పట్టినా కొయ్యే వస్తుంది. ఇప్పటి సామాను చాలావరకు అలా కాదు. లోపల ప్లైవుడ్డో, పొట్టు అతికించిన అట్టచెక్కో ఉంటుంది. పైన టేకు పొర అతికించి ఉంటుంది. దీనినే వెనీర్ అంటారు. దాని మందం సాధారణంగా అర మిల్లీమీటరు అటూ ఇటూ. గట్టిగా నాలుగుసార్లు రుద్దితే పొర పోయి అడుగు చెక్క బయటపడుతుంది. దానిని మళ్ళీ తెచ్చి అతికించడం ఆచారి గారికి కూడా కష్టమే.

ముందు పరీక్ష

సామాను అంచును, వెనుక వైపును చూడండి. పైన ఉన్నది కొయ్యపొర కాక సన్‌మైకా రేకు అయితే ఈ పద్ధతి పనికిరాదు. లోపల ఉన్నది పొట్టుచెక్క అయినా ఆవిరి పెట్టవద్దు. అది నీరు తాగి ఉబ్బి పొడిపొడి అవుతుంది.

తరువాత సొట్టమీద వ్రేలు పెట్టి తడమండి. కొయ్య నార నలిగి లోపలికి పోయిందా, తెగిపోయిందా? నలిగిన నార తడి, వేడి తగిలితే ఉబ్బి పైకి లేస్తుంది. తెగిన నార లేవదు. దానికి అదే రంగు లక్కగాని, మైనంగాని నింపడమే మార్గం. చివరగా గోటితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ పొర జిగురు వదిలిందని గుర్తు. దానిని ముందు అతికించాలి.

చేసే విధానం

1. సొట్టమీది మైనం, దుమ్ము తుడవండి. పాత లక్క పాలిష్ అయితే గుడ్డకు కొంచెం స్పిరిట్ అద్ది, సొట్ట ఉన్నంత మేర పాలిష్ తీయండి. పాలిష్ ఉంటే నీరు కొయ్యలోకి దిగదు. స్పిరిట్‌కు కరగని పాలిష్ అయితే సన్నని సూదితో నార వెంబడి రెండు మూడు చోట్ల పొడవండి.

2. నాలుగు చుక్కల గోరువెచ్చని నీరు వేసి ఒక గంట ఉంచండి. చిన్న సొట్టలు చాలావరకు దీనికే లేస్తాయి.

3. లేవకపోతే, శుభ్రమైన నూలుగుడ్డను తడిపి, పిండి, రెండు మడతలు పెట్టి సొట్టమీద పరవండి. ఇస్త్రీ పెట్టె మొనను గుడ్డమీద అయిదు నుండి పది సెకన్లు ఆనించి తీయండి. చూడండి. అవసరమైతే మూడు నాలుగుసార్లు చేయండి. పెట్టె వట్టి కొయ్యకు తగలకూడదు. బొగ్గుల పెట్టె అయితే వేడి మన చేతిలో ఉండదు గనుక ముందు వేరే తడిగుడ్డమీద పెట్టి, గుడ్డ మాడడం లేదని తెలుసుకోండి.

4. వేడికి పొర క్రింది జిగురు మెత్తబడవచ్చు. పాత సామానులో వాడిన సరేసు మరీ త్వరగా మెత్తబడుతుంది. అందుచేత వెంటనే పాలిథిన్ కాగితం, దానిమీద చదునైన పలక, దానిమీద బరువైన రాయి పెట్టి చల్లారనివ్వండి.

5. ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. తరువాత అతి సన్నని 320 నెంబరు కాగితంతో నార వెంబడి రెండు మూడుసార్లు మాత్రమే తేలికగా తీయండి. లక్క పాలిష్‌ను గుడ్డలో చుట్టిన దూదితో పలుచగా అద్దండి. ఒక పూత ఆరిన తరువాతే ఇంకొకటి.

తడివల్ల లక్క పాలిష్‌మీద తెల్లటి మచ్చ వస్తే భయపడవద్దు. స్పిరిట్ చాలా కొద్దిగా అద్దిన గుడ్డతో పైపైన ఒకసారి తుడిస్తే తరచుగా పోతుంది.

జాగ్రత్త

స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. స్పిరిట్ పూర్తిగా ఆరి, సీసా దూరంగా పెట్టిన తరువాతే ఇస్త్రీ పెట్టె దగ్గరకు తేవాలి. పొయ్యి, దీపం ఉన్న గదిలో ఈ పని చేయకండి. పాలిష్ స్పిరిట్ విషం. త్రాగితే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. మంచినీళ్ళ సీసాలో, సోడా సీసాలో ఎన్నడూ పోసి ఉంచవద్దు. పిల్లలకు అందని చోట, పేరు వ్రాసి పెట్టండి.

మన ఎండలు, మన వరదలు

కర్నూలు, కడప ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కొయ్య ఎండి కుంచించుకుపోతుంది, పొర పగులుతుంది. పడమటి కిటికీ ఎండ నేరుగా పడేచోట వెనీర్ సామాను ఉంచకండి. బాగుచేసిన చోటును త్వరగా ఆరాలని ఎండలో పెట్టకండి.

కరువు సీమ అయినా నీళ్ళూ వస్తాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట ప్రాంతపు పల్లెలను ముంచింది. వరదలో నానిన చెక్కకు ఇస్త్రీ పెట్టె పనిచేయదు. బురద కడిగి, సొరుగులు తీసి, గాలి ఆడే నీడలో రోజుల తరబడి మెల్లగా ఆరబెట్టాలి. పూర్తిగా ఆరిన తరువాతే లేచిన పొరల క్రింద జిగురు పెట్టి బరువు ఉంచాలి.

కొత్తది కొనేవారు ప్లైవుడ్ మీది ముద్ర చూడండి. ఐ.ఎస్. 303 మామూలు వాడుకకు. ఐ.ఎస్. 710 తడిని బాగా ఓర్చుకొనే రకం.

సొట్ట పెద్దదైనా, పొర చిరిగినా, నగిషీ ఉన్నచోట అయినా ఆచారి గారిని పిలవండి. ఆయన కూలి కొత్త బల్ల వెలకంటె ఎంతో తక్కువ. చిన్న సొట్టకు మాత్రం తడిగుడ్డ, ఇస్త్రీ పెట్టె, కాస్త ఓర్పు చాలు. ముందుగా బల్ల అడుగున, ఎవరికీ కనబడని చోట చేసి చూసి, చెయ్యి కుదిరిన తరువాతే పైకి రండి.