విత్తన దుంప: తల్లి మొక్క వారసత్వం

బంగాళాదుంపను తెలంగాణలో ఆలుగడ్డ అనీ, రాయలసీమలో ఉర్లగడ్డ అనీ అంటారు. నేల లోపల పెరుగుతుంది కనుక దీనిని వేరుగా భావించడం పరిపాటి అయినా, వృక్షశాస్త్రం దీనిని కాండంగానే లెక్కిస్తుంది. మొక్క మొదలు నుంచి మట్టిలో అడ్డంగా సాగే సన్నని కొమ్మలకు స్టోలన్లు అని పేరు. ఆకుల నుంచి దిగివచ్చిన చక్కెరలను పిండిపదార్థంగా మార్చి నిల్వ చేసుకుంటూ వాటి కొనలు ఉబ్బినప్పుడు దుంపలు ఏర్పడతాయి. దుంపపై కనిపించే గుంటలను కన్నులు అంటారు. ప్రతి కన్నూ కాండం మీది కణుపు వంటిదే, దానిలో కొత్త కొమ్మగా ఎదగగల మొగ్గలుంటాయి. చిలగడదుంప నిజంగానే ఉబ్బిన వేరు కాబట్టి దానిపై ఇటువంటి కన్నులు కనిపించవు. ఈ లెక్కన పెరట్లో బంగాళాదుంపను నాటడం మునగ కొమ్మను నాటడం వంటిదే.

ఈ మొక్కకు అసలైన విత్తనాలు లేకపోలేదు. టమాటా, వంగ, మిరపలతోపాటు సొలనేసి కుటుంబానికి చెందిన బంగాళాదుంప పూత పూసి, చిన్న పచ్చి టమాటాను పోలిన విషపు కాయలు కాస్తుంది. సాగులో ఉన్న సాధారణ రకాల కణాల్లో క్రోమోజోములు నాలుగు జట్లుగా మొత్తం 48 ఉంటాయి. విత్తనం ఏర్పడేటప్పుడు అవి కొత్త కలయికల్లో చేరడం వల్ల ఒకే కాయలోని విత్తనాల నుంచి వచ్చిన మొక్కలు కూడా ఒకదానినొకటి పోలవు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అనే సామెత ఆ కాయలోని విత్తనానికి సరిపడదు గాని, దుంపకు అక్షరాలా సరిపోతుంది. దుంప నుంచి మొలిచే మొక్క జన్యుపరంగా తల్లికి నకలు. అయితే తల్లి గుణాలతోపాటు తల్లి రోగాలు కూడా దానికి సంక్రమిస్తాయి. తరువాత చేసే పోషణ అంతటికంటే విత్తన దుంప ఎంపికకే ఎక్కువ ప్రాధాన్యం ఉండడానికి ఇదే కారణం.

ఈ రోగాల్లో ముఖ్యమైనవి వైరస్‌లు. ఆకులు దొన్నెల్లా పైకి చుట్టుకుపోయేలా చేసే ఆకుచుట్టు వైరస్‌ను, ఆకులపై లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలిగించే వై వైరస్‌ను పేనుబంక పురుగులు మొక్క నుంచి మొక్కకు చేరవేస్తాయి. వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందు లేదు; దాని దుంపలను మళ్ళీ నాటిన కొద్దీ తెగులు పేరుకుంటూ, దిగుబడి ఏటేటా పడిపోతుంది. పెద్ద దుంపలను వంటకు ఉంచుకొని చిన్నవాటిని విత్తనానికి దాచుకునే అలవాటు ఈ క్షీణతను మరింత వేగవంతం చేస్తుంది. వైరస్ సోకిన మొక్కకు చిన్న దుంపలే ఎక్కువగా ఊరుతాయి కాబట్టి, కుప్పలోంచి చిన్నవాటిని ఏరుకునే పెరటి రైతు తనకు తెలియకుండానే రోగగ్రస్తమైన తల్లుల సంతానాన్ని ఏరుకుంటాడు.

ఈ సమస్యకు భారతదేశంలో దొరికిన పరిష్కారం కాలాన్ని ఆధారం చేసుకున్నది. 1949లో పాట్నాలో ఏర్పడి, 1956లో సిమ్లాకు మారిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త పుష్కర్‌నాథ్ 1959లో విత్తన మడి పద్ధతిని రూపొందించారు. అంతవరకు పేనుబంక తక్కువగా ఉండే కొండ ప్రాంతాలే విత్తనానికి ఆధారం. గంగా మైదానంలో కూడా అక్టోబరు నుంచి డిసెంబరు చివరి వరకు ఈ పురుగులు తక్కువగా ఉంటాయి. శీతల గిడ్డంగిలో నిల్వ ఉంచిన ఆరోగ్యకరమైన దుంపలను అక్టోబరులో నాటి, తేడాగా కనిపించిన మొక్కలను ఎప్పటికప్పుడు పీకివేసి, వంద ఆకులకు ఇరవై పురుగులు చేరకముందే మొక్కల పైభాగాన్ని కోసివేస్తే, వైరస్ దుంపల్లోకి దిగే దారి మూసుకుపోతుంది.

ఈ సంస్థ విడుదల చేసిన రకాల పేర్లలో ముందుండే కుఫ్రి అన్న మాట సిమ్లా దగ్గరి ఊరి పేరు. కుఫ్రి చంద్రముఖి, 1998లో విడుదలైన కుఫ్రి పుఖ్‌రాజ్ త్వరగా దుంప ఊరే రకాలు. 2006లో వచ్చిన కుఫ్రి సూర్య వేడిని కొంత తట్టుకుంటుంది. రకం ఏదైనా 30 నుంచి 50 గ్రాముల బరువుండి, గట్టిగా, కుళ్ళు, గజ్జి మచ్చలు లేకుండా ఉన్న ధ్రువీకరించిన విత్తన దుంపలను తీసుకోవడం మేలు. కూరగాయల అంగడిలో కొన్న దుంప ఏ మొక్కదో తెలియదు. పైగా నిల్వలో మొలకెత్తకుండా దానికి రసాయనం పట్టించి ఉండవచ్చు.

కొత్తగా తవ్విన దుంప ఎనిమిది నుంచి పది వారాలు నిద్రావస్థలో ఉంటుంది. అంటే నీరు, వెచ్చదనం అందినా మొలకెత్తదు. ఆ గడువు తీరాక కొన వైపునున్న కన్ను ముందుగా మేల్కొని మిగిలిన కన్నులను అణచి ఉంచుతుంది. దీనిని కొన ఆధిక్యం అంటారు. ఆ ఒక్క మొలకతోనే నాటితే కాండాలు తక్కువై కొద్దిపాటి పెద్ద దుంపలు వస్తాయి; కొంత ఆగితే, లేదా ఆ మొలకను తుంచివేస్తే, తక్కిన కన్నులు కూడా మొలకెత్తి దుంపల సంఖ్య పెరుగుతుంది. ఎండ నేరుగా తగలని వెలుతురులో దుంపలను ఒకే వరుసగా పరచి ఉంచితే పొట్టిగా, దృఢంగా ఉండే రంగు మొలకలు వస్తాయి గాని, చీకటిలో ఉంచితే తెల్లగా సాగి, ముట్టుకుంటే విరిగిపోతాయి. పెద్ద దుంపను ముక్కకు రెండు మూడు కన్నులుండేలా కోసినప్పుడు, తేమగా, చల్లగా ఉండే నీడలో కొన్ని రోజులు ఉంచితే కోతపై బెరడు వంటి పొర కట్టి కుళ్ళు సోకకుండా కాపాడుతుంది.

నాటే కాలాన్ని నిర్ణయించేది రాత్రి చల్లదనం. చలి రాత్రుల్లో ఆకుల్లో తయారయ్యే ఎస్‌పి6ఏ అనే ప్రోటీన్ స్టోలన్ కొనలను చేరి దుంప ఊరడానికి సంకేతమవుతుంది. వేడి పెరిగితే ఆ సంకేతం బలహీనపడి, మొక్క ఏపుగా ఆకులు వేసినా దుంప ఊరదు. జహీరాబాదు ప్రాంతంలోనూ, పలమనేరు, కుప్పం వైపు ఎత్తైన నేలల్లోనూ ఈ పంట నిలదొక్కుకోవడానికి చల్లని రాత్రులే కారణం. మైదానాల పెరళ్ళలో అక్టోబరు చివర లేదా నవంబరులో నాటడం అనుకూలం.

నీరు నిలవని వదులు నేలలో, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అరవై సెంటీమీటర్ల ఎడంతో బోదెలు తీసి, ఇరవై సెంటీమీటర్లకొక దుంపను కన్నులు పైకి ఉండేలా నాటాలి. అంతకుముందు టమాటా, వంగ, మిరప వేసిన మడిలో నాటితే వాటి ఎండు తెగులు దీనికి కూడా సోకే ప్రమాదం ఉంది. నెల రోజులకు మొక్క మొదలుకు మట్టిని ఎగదోయాలి. వెలుతురు తగిలిన స్టోలన్ దుంప వేయకుండా ఆకుల కొమ్మగా మారుతుంది. వెలుతురు తగిలిన దుంప పచ్చబడి, సొలనిన్ అనే చేదు విషపదార్థాన్ని కూడగట్టుకుంటుంది.

మరుసటి ఏటికి విత్తనం దాచదలచినవారు తవ్వకానికి ముందే, మొక్కలు పచ్చగా ఉన్నప్పుడే, ముడత, మచ్చ లేని తల్లులకు గుర్తు కట్టి వాటి దుంపలను విడిగా తీయాలి. అయితే ఫిబ్రవరిలో తీసిన దుంపను అక్టోబరు వరకు కాపాడాలంటే రెండు నుంచి నాలుగు డిగ్రీల చలి అవసరం. తెలుగు మైదానాల వేసవిలో గది ఉష్ణోగ్రత వద్ద అది మొలకెత్తి వడలిపోతుంది. అందువల్ల ఇక్కడి పెరటి తోటకు ప్రతి ఏటా కొత్త విత్తన దుంపలు తెచ్చుకోవడమే క్షేమం. ఆ దుంపకు చెల్లించే వెలలో పేనుబంక రాకముందే తలలు కోయించుకున్న తల్లి మొక్కల ఆరోగ్యం ఉంటుంది. దానిని ఆ తరువాత ఏ ఎరువుతోనూ సమకూర్చుకోలేరు.