క్యాజువాలిటీ గుమ్మం దాటాక

పాడేరు ఏజెన్సీలో చెట్టు మీంచి పడినవాణ్ణి డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. అక్కణ్ణుంచి 108. దెబ్బ పెద్దదైతే ఘాట్ దిగి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖ కేజీహెచ్‌కి చేరాలి. ఈ దారి కష్టం గురించి ఏళ్లుగా వింటున్నాం. క్యాజువాలిటీలోకి వచ్చాక మొదలయ్యే కష్టం గురించి వినేది తక్కువ.

స్ట్రెచర్ మీదున్న మనిషికి వచ్చింది కువి, లేదంటే ఆదివాసీ ఒడియా. డ్యూటీ డాక్టర్ తెలుగులో అడుగుతాడు: స్పృహ తప్పిందా? వాంతి అయిందా? తలకు దెబ్బ తగిలినప్పుడు స్కానింగ్ ఎంత తొందరగా తీయాలో తేల్చడానికి ఈ జవాబులు ఎంతో ముఖ్యం. వెంట వచ్చిన తమ్ముడు అన్నిటికీ తలూపుతాడు. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్రా అలాగే పడిపోతుంది. కాలు తీసేస్తారేమోనని హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా రోగిని ఇంటికి తీసుకుపోయేవాళ్లను తప్పుపట్టే ముందు, వాళ్లకి అర్థమయ్యేలా ఎవరు చెప్పారని అడగాలి.

2007లో ఆరోగ్యశ్రీతో పాటు ఆరోగ్యమిత్రలు వచ్చారు. కార్డు చూసి, ఆన్‌లైన్‌లో అనుమతి తెప్పించే ఆ పని వల్ల ఎన్నో పేద ఇళ్లు అప్పుల పాలు కాకుండా నిలబడ్డాయి. కానీ కౌంటర్ వదిలి మంచం పక్కన కూర్చునే తీరిక వాళ్లకెక్కడిది?

ప్రాణం ముందు, పోలీసు కాగితాలు తర్వాత అని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాతైనా ఆ కాగితాలు కావాలి కదా. రోడ్డు ప్రమాదమైతే, గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా, తీవ్రంగా గాయపడినవాళ్లకు 50 వేలు, మనిషి పోతే కుటుంబానికి 2 లక్షలు పరిహారం ఉంది. బండి తెలిస్తే ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. వార్డులో పడి ఉన్నవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

డిశ్చార్జి రోజు మరీ ఘోరం. కాలికి బయట రాడ్లు బిగించి పంపితే, అవి చర్మంలోకి దిగిన చోట శుభ్రంగా తుడుస్తూ ఉండాలి. లేకపోతే చీము పడుతుంది. ఆ జాగ్రత్త చీటీ మీద ఇంగ్లీషులో ఉంటుంది.

సర్జన్, మత్తు డాక్టర్, నర్సులతో పాటు ట్రామా బృందంలో రోగి తరఫు మనిషికీ చోటుండాలి. ఏజెన్సీలో పుట్టి పెరిగి, ఆ భాషలు వచ్చిన యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, నెల జీతంతో, మూడు షిఫ్టుల్లో క్యాజువాలిటీలోనే ఉంచాలి. అర్ధరాత్రి బండి వచ్చినా వాళ్లే ఎదురెళ్లాలి. రోగి ఊరు చేరాక రాడ్లు తీయించుకోవడానికి ఎప్పుడు రావాలో ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి చెప్పే బాధ్యతా వాళ్లకే అప్పగించాలి.