మూడా, నాలుగా: అమెరికా క్యాజువాలిటీ వైద్యుల శిక్షణలో ఆ ఒక్క ఏడాది

అమెరికాలో వైద్యకళాశాల చదువు ముగించినవారు ఏదో ఒక శాఖలో నిపుణులు కావడానికి ఆసుపత్రిలో జీతం తీసుకుంటూ, పెద్ద వైద్యుల పర్యవేక్షణలో రోగులను చూస్తూ గడిపే శిక్షణకాలాన్ని రెసిడెన్సీ అంటారు; మన దేశంలో ఎంబీబీఎస్ తరువాత చేసే పీజీకి దాదాపు సమానమైన దశ అది. చాలా శాఖల్లో ఆ కాలం ఎంతో ముందే ఖాయమై ఉంటుంది: ఇంటర్నల్ మెడిసిన్‌కు మూడేళ్లు, జనరల్ సర్జరీకి ఐదేళ్లు, ఏ ఊళ్లో చేసినా అంతే. మన జనం క్యాజువాలిటీ అని పిలిచే విభాగానికి వైద్యులను తయారుచేసే ఎమర్జెన్సీ మెడిసిన్ మాత్రం ఈ విషయంలో తీరు వేరుగా నడిచింది. చివరికి రాయవలసిన బోర్డు పరీక్ష ఒకటే, దక్కే అర్హత ఒకటే, చేరే ఉద్యోగమూ ఒకటే. అయినా కొన్ని ఆసుపత్రుల్లో శిక్షణ మూడేళ్లకు పూర్తవుతుంది, మరికొన్నింటిలో నాలుగేళ్లు పడుతుంది.

దీనికి కారణం శాఖ పుట్టిన తీరులోనే కొంత ఉంది. 1960ల దాకా అమెరికా ఆసుపత్రుల్లో అత్యవసర విభాగానికి సొంత వైద్యుడంటూ సాధారణంగా ఉండేవాడు కాదు. ఆ పూట వంతు ఎవరిదైతే వారే, తమ శాఖ ఏదైనా సరే, గుండెపోటుతో వచ్చినవారినీ కాలు విరిగి వచ్చినవారినీ చూడవలసివచ్చేది. ఈ పరిస్థితితో విసిగిన కొందరు వైద్యులు 1968లో మిచిగాన్ రాష్ట్రంలో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ అనే సంఘాన్ని పెట్టుకున్నారు. 1970లో సిన్సినాటి విశ్వవిద్యాలయం ఒకే ఒక్క రెసిడెంటుతో ఈ శాఖలో తొలి శిక్షణను ప్రారంభించింది. 1979లో శాఖకు అధికారిక గుర్తింపు రాగా, మరుసటి ఏడాదే మొదటి బోర్డు పరీక్ష జరిగింది. ఆ తొలి దశాబ్దాల్లో విద్యార్థి ముందుగా ఒక ఏడాది వేరేచోట సాధారణ శిక్షణ పొంది, ఆపైన మూడేళ్లు అత్యవసర విభాగానికి రావడం ఒక పద్ధతిగా ఉండేది. ఆ ముందరి ఏడాదిని కూడా తమలో కలుపుకొన్నచోట నాలుగేళ్లయింది, అది విడిగా అక్కర్లేదనుకున్నచోట మూడేళ్లతో సరిపోయింది. అంటే ఈ తేడా ఎవరో కూర్చుని బోధనాశాస్త్రం ప్రకారం నిర్ణయించినది కాదు, చాలావరకు చరిత్ర మిగిల్చిపోయినది.

నేడు మొత్తం శిక్షణ కార్యక్రమాల్లో సుమారు ఐదింట నాలుగు వంతులు మూడేళ్లవే. నాలుగేళ్లవాటిలో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ, డెన్వర్ హెల్త్, లాస్ ఏంజెలిస్ కౌంటీ ఆసుపత్రి, తొలి విత్తనం పడిన సిన్సినాటి వంటి పాత, పెద్ద సంస్థలు కనబడతాయి కాబట్టి, ఎక్కువ కాలమంటే ఎక్కువ ప్రతిష్ఠ అనే అభిప్రాయం విద్యార్థుల్లో తేలికగా నాటుకుపోతుంది. అయితే ఇండియానా విశ్వవిద్యాలయంలోనూ, షార్లెట్ నగరంలోని కరోలినాస్ మెడికల్ సెంటర్‌లోనూ ఉన్న మూడేళ్ల శిక్షణలకు దేశమంతటా మంచి పేరుంది. గోడ మీది పేరుకూ లోపలి ఏళ్ల లెక్కకూ లంకె పెట్టడం సరికాదు.

ఏళ్ల సంగతి అర్థం కావాలంటే ఆ ఏళ్లలో జరిగేది చూడాలి. రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ అనే సంస్థ నియమాల ప్రకారం శిక్షణ ముగిసేలోగా ప్రతి రెసిడెంటూ కనీసం 35 సార్లు ఊపిరి ఆగిపోతున్న రోగి గొంతులోకి గొట్టం వేసి ఉండాలి. 20 సార్లు మెడ, ఛాతీ లేదా తొడ దగ్గరి పెద్ద సిరలోకి సూది గొట్టం ఎక్కించాలి. 10 సార్లు ఛాతీలో చేరిన గాలినో రక్తాన్నో బయటికి తీసే గొట్టం అమర్చాలి. 10 కాన్పులు చేయాలి. మెడ ముందు భాగంలో కోసి శ్వాసమార్గం తెరవడం వంటి అరుదైన పని మూడుసార్లు చేస్తే చాలు. అదీ బొమ్మల మీద చేసినా లెక్కలోకి వస్తుంది. అత్యవసర విభాగంలో ఒక షిఫ్టు 12 గంటలు దాటకూడదు, అక్కడ రోగులను చూసే సమయం వారానికి 60 గంటలు మించకూడదు. ఈ సంఖ్యలు మూడేళ్లవారికీ నాలుగేళ్లవారికీ ఒకటే కావడం గమనించదగ్గ విషయం.

మరి నాలుగో ఏడాది దేనికి? మంచి కార్యక్రమంలో ఆ ఏడాది రెసిడెంటు చేతిపని తగ్గి చూపు పని పెరుగుతుంది. తానే ఒక్కొక్క రోగిని పరీక్షించడం మానకుండానే, ఇరవై మంచాలున్న ఒక భాగాన్ని మొత్తంగా కనిపెట్టుకుని ఉంటారు: రెండో మంచం మీది వృద్ధుడి బీపీ పడిపోతున్నదని నర్సు చెప్పేసరికి కొత్త రెసిడెంటును అక్కడికి పంపి, అంబులెన్సు నుంచి ఫోనులో వస్తున్న వివరాలు వింటూనే, స్కానింగ్ గది ఖాళీ అయిందా అని అడిగి, ఇంటికి పంపదగిన ముగ్గురిని తేల్చి మంచాలు ఖాళీ చేయిస్తారు. మూడేళ్ల కార్యక్రమంలో ఇదే పని మూడో ఏడాది చేయాలి. ఆ నేర్పు త్వరగా అబ్బేవారూ ఉంటారు, మరికాస్త సమయం పట్టేవారూ ఉంటారు. అయితే నాలుగో ఏడాది అన్నిచోట్లా ఇలాగే ఉంటుందనుకుంటే పొరపాటు. కొన్నిచోట్ల అది తక్కువ జీతానికి దొరికే నిపుణుడి చేత ఆసుపత్రి ఖాళీలు నింపుకునే ఏడాదిగా మిగిలిపోతుందన్న విమర్శ ఊరికే వచ్చినది కాదు. ఫలితాల విషయానికొస్తే, బోర్డు పరీక్షలనూ ఆ తరువాతి పనితీరునూ పోల్చి చూసిన పరిశీలనల్లో నాలుగేళ్లవారు స్పష్టంగా ముందున్నారని తేలలేదు.

ఇక డబ్బు మాట. వైద్యకళాశాల నుంచి బయటపడే అమెరికన్ విద్యార్థికి అప్పు రెండు లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉండడం మామూలే, దానిమీద వడ్డీ రెసిడెన్సీ కాలమంతా పెరుగుతూనే ఉంటుంది. రెసిడెంటు జీతం ఏడాదికి 60 వేల నుంచి 80 వేల డాలర్ల మధ్య ఉంటే, శిక్షణ ముగించిన అత్యవసర వైద్యుడి ఆదాయం మూడు లక్షలు దాటుతుంది. కాబట్టి అదనపు ఏడాది ఖరీదు, పన్నులు తీయకముందు, రెండు లక్షల డాలర్లకు పైమాటే. పెళ్లయి పిల్లలున్నవారికో, ముప్పై అయిదు దాటి ఈ దారికి వచ్చినవారికో ఇది చిన్న మొత్తం కాదు. దీనికి తోడు మరో లెక్క ఉంది. రెసిడెన్సీ తరువాత అల్ట్రాసౌండ్, అంబులెన్సు సేవల నిర్వహణ వంటి ఉపశాఖల్లో ఒక ఏడాది ఫెలోషిప్, అంటే మరింత లోతైన ప్రత్యేక శిక్షణ, చేయవచ్చు. విషవైద్యం వంటివాటికి రెండేళ్లు పడుతుంది. మూడేళ్లవారు ఆ ఏడాది ఫెలోషిప్ చేస్తే, నాలుగేళ్లవారితో సమానమైన కాలంలో ఒక అదనపు అర్హతతో బయటికి వస్తారు. ఎలాగూ ఫెలోషిప్ చేద్దామనుకున్నవారికి నాలుగేళ్ల దారి ఎంచుకోవడానికి గట్టి కారణమే ఉండాలి.

ఈ వాదం 2025 ఆరంభంలో ఒక్కసారిగా వేడెక్కింది. కార్యక్రమాలన్నింటినీ 48 నెలలకు మార్చాలన్న ప్రతిపాదనను ఏసీజీఎంఈ అభిప్రాయసేకరణకు పెట్టింది. పసిపిల్లల చికిత్స, అల్ట్రాసౌండ్, మాదకద్రవ్యాల బాధితుల సంరక్షణ ఇలా నేర్పవలసినవి పెరిగాయి గనుక 36 నెలల్లో ఇమడవని సమర్థకుల మాట. ఏడాది పెంచితే నేర్పు పెరుగుతుందన్న రుజువు ఏదని వ్యతిరేకుల ప్రశ్న. అంతకుముందు కథ తెలియకపోతే వ్యతిరేకుల కోపం అర్థం కాదు. 2030 నాటికి అత్యవసర వైద్యులు అవసరానికి మించి సుమారు 7,800 మంది ఉంటారని 2021లో ఒక అంచనా వెలువడింది, దాని వెంటనే విద్యార్థులు ఈ శాఖకు ముఖం చాటేశారు, 2023లో దేశవ్యాప్త ఎంపికలో 554 సీట్లు తొలి విడతలో ఖాళీగా మిగిలాయి. చేరేవారే తగ్గిన శాఖలో కాలం పెంచడం కొందరికి విడ్డూరంగా తోచింది. మిగులు వైద్యుల తాకిడిని ఒక ఏడాది వెనక్కి నెట్టే ఉపాయమేమో ఇది అని గొణిగినవారూ లేకపోలేదు.

అదే అమెరికాకు ఉత్తరాన కెనడాలో ఈ తేడా ఇంకా పెద్దది: అక్కడ రాయల్ కాలేజ్ దారిలో ఐదేళ్లు, కుటుంబవైద్యంలో రెండేళ్లు చేసి అత్యవసర వైద్యంలో మరో ఏడాది చేసే దారిలో మూడేళ్లు. రెండో దారినుంచి వచ్చినవారు దేశమంతటా అత్యవసర విభాగాలను నడుపుతున్నారు. మన దేశంలో 2009లో గుర్తింపు పొందిన ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్‌కు ఎక్కడైనా మూడేళ్లే కాబట్టి, ఇక్కడివారికి ఈ చిక్కు లేదు.

చిక్కు అమెరికాకు వెళ్లే తెలుగు వైద్యులకే, అదీ వేరే రూపంలో. అక్కడి ఎంపిక విధానంలో విద్యార్థి తనకు నచ్చిన కార్యక్రమాలను వరసక్రమంలో రాసిస్తాడు, కార్యక్రమాలూ విద్యార్థులను అలాగే వరసపెడతాయి, కంప్యూటరు జత కలిపాక ఆ ఫలితానికి కట్టుబడవలసిందే. అందుచేత ఏళ్ల విషయం ఆ జాబితా రాయకముందే తేల్చుకోవాలి. జే-1 వీసా మీద వచ్చినవారికి మొత్తం శిక్షణకు ఏడేళ్ల గడువుంటుంది గనుక మూడైనా నాలుగైనా ఇబ్బంది లేదు. కాని వారు ఖాళీ సమయంలో బయట అదనపు షిఫ్టులు చేసి సంపాదించుకోవడానికి వీల్లేదు, కాబట్టి నాలుగో ఏడాది అక్కడి విద్యార్థులు కొందరు పూడ్చుకునే నష్టాన్ని వీరు పూడ్చుకోలేరు. హెచ్-1బీ మీద వచ్చినవారికి మామూలు గడువు ఆరేళ్లు. మూడేళ్ల రెసిడెన్సీ అయితే ఫెలోషిప్పుకూ, ఉద్యోగం చూసుకుని గ్రీన్‌కార్డు కాగితాలు కదిలించుకోవడానికీ మూడేళ్లు మిగులుతాయి. నాలుగేళ్లదైతే రెండే, అందులో ఒకటి ఫెలోషిప్పుకు పోతే మిగిలేది ఒక్కటే.