సైకిలులో పాత భాగాలు: వదలవలసినవి, నిలుపుకోవలసినవి

పాలు, కూరగాయలు, బట్టలు, ఐసు మొదలైన వస్తువుల చిల్లర వర్తకం మన పల్లెలలో ఎంతోకాలం సైకిలు చక్రాల మీదనే సాగింది. మోపెడ్లు, ఆటోలు వచ్చిన తరువాత కూడా ఇంధన వ్యయం భరించలేని కుటుంబాలకు సైకిలే ఆధారం. అటువంటి వారికి సైకిలు వాహనం మాత్రమే కాదు, పెట్టుబడి కూడా. అది ఒక ఉదయం దారిలో ఆగిపోతే ఆనాటి పాలు విరుగుతాయి, ఆనాటి రాబడి పోతుంది, వాయిదాకు దాచవలసిన సొమ్ము వెనుకబడుతుంది. కనుక ఏ భాగాన్ని నమ్మవచ్చునో, దేనిని వదలవలెనో తెలుసుకొనడం ఋణగ్రహీతకూ, సైకిలు వ్యాపారికీ అవసరం.

'పాతది గట్టిది' అన్న మాట తరచు వినిపిస్తుంది. ఫ్రేము విషయంలో అది చాలవరకు నిజమే. అన్ని భాగాలకూ అది వర్తించదు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ, దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రానికి చైను గల 'రోవర్' సైకిలును రూపొందించగా, మనిషిని తలక్రిందులుగా పడవేసే ఎత్తు చక్రపు సైకిలు క్రమంగా మూలపడింది. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందిన పిమ్మట ఒళ్లు హూనం చేసే గట్టి రబ్బరు టైర్లు మరుగున పడ్డాయి. వాటి కోసం ఎవరూ బెంగపడలేదు. మన సైకిళ్లలో అలా సంతోషంగా వదలదగినవి నాలుగు ఉన్నాయి.

రాడ్డు బ్రేకులు

ఈ బ్రేకులో ఇనుప రాడ్లు రబ్బరు దిమ్మలను పైకి లాగి రిమ్ము లోపలి అంచుకు ఒత్తుతాయి. రాడ్డుకు, రాడ్డుకు మధ్య ఉన్న ప్రతి అతుకూ కొంత అరుగుతుంది. అన్ని అరుగుదలలూ కలిసి చేతి పట్టును వృథా చేస్తాయి. అంతకంటె పెద్ద లోపం వర్షంలో బయటపడుతుంది. తడిసిన ఉక్కు రిమ్ము మీద రబ్బరుకు ఘర్షణ బాగా తగ్గిపోతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి, 20 కిలోల సైకిలు కలిసి 80 కిలోలు. దానిపై 80 కిలోల పాల క్యాన్లు వేస్తే, అదే వేగంలో బ్రేకు అణచవలసిన శక్తి రెట్టింపవుతుంది. వంతెన దిగుడులో వేగం కూడా రెట్టింపైతే ఆ శక్తి మరి నాలుగింతలు. తడి దారిలో ఇంత భారాన్ని రాడ్డు బ్రేకుకు అప్పగించడం ప్రాణంతో పందెం వేయడమే.

అల్యూమినియం రిమ్ము, కేబులు బ్రేకు ఇంతకంటె మేలు. అయితే పాత రిమ్ము పక్కలు గుండ్రంగా ఉండడం వలన పక్కనుంచి ఒత్తే బ్రేకు దానికి కుదరదు. రిమ్మును కూడా మార్చవలసి ఉంటుంది. ఆ ఖర్చును కలిపే అంచనా వేసుకోవాలి.

కాటర్ పిన్ను

పెడల్ క్రాంకును ఇరుసుకు బిగించే చీల ఇది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఒత్తిడి అంతా ఈ చిన్న పిన్నుపై పడుతుంది. వదులైతే ప్రతి చుట్టుకూ 'టక్' మని చప్పుడు చేస్తుంది. సుత్తితో కొట్టి సరిపెడుతూ పోతే పిన్నుతోపాటు ఇరుసు, క్రాంకు కూడా చెడతాయి. నలుపలకల ఇరుసుకు బోల్టుతో బిగించే క్రాంకు వచ్చిన తరువాత ఈ బాధ తప్పింది.

టైరుకు రాసుకునే డైనమో

6 వోల్టుల, 3 వాట్ల ఈ డైనమో టైరు పక్కకు రాసుకుంటూ తిరుగుతుంది. టైరును అరగదీస్తుంది, త్రొక్కడం బరువు చేస్తుంది, వానలో జారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వెలుగు మసకబారుతుంది, దిగుడులో బల్బు మాడిపోవచ్చు. సైకిలు ఆగిన క్షణమే దీపం ఆరుతుంది. చీకటి రోడ్డు పక్కన నిలిచినప్పుడు వెనుక నుంచి వచ్చే లారీకి మనిషి కనబడడు. ఛార్జి చేసుకునే ఎల్.ఇ.డి. దీపానికి ఈ లోపాలు లేవు. వెనుక ఎర్రదీపం తప్పక ఉండాలి.

వాల్వు రబ్బరు

సన్నని రబ్బరు గొట్టం ఎండకు పాడై, రాత్రికి రాత్రే గాలి దిగిపోవడం సైకిలు ఉన్నవారందరికీ తెలిసినదే. మోటారు సైకిలుకు ఉండే వాల్వు గల ట్యూబుకు ఆ రబ్బరు అవసరం లేదు. పైగా పెట్రోలు బంకులోనూ గాలి నింపుకోవచ్చు. దీనికోసం సైకిలు మార్చనక్కరలేదు. ట్యూబు మార్చే సమయంలో ఈ రకం అడిగి తీసుకుంటే చాలు.

నిలుపుకోవలసినవి

కొత్తదంతా మంచిది అనుకోవడం కూడా పొరపాటే. ముందు 32, వెనుక 40 పుల్లలు గల చక్రాలు, దృఢమైన క్యారేజీ, జంట కాళ్ల స్టాండు బరువు మోయడానికి నేటికీ తగినవి. చైనును కప్పే గార్డు పంచెనూ, చీరనూ కాపాడుతుంది. గేర్లు, డిస్కు బ్రేకులు మంచివే. కాని వాటి విడిభాగాలు, మరమ్మతు తెలిసిన మెకానిక్కు సమీపంలో లేకపోతే సైకిలు దుకాణం ముందు రోజుల తరబడి నిలిచిపోతుంది.

వ్యాపారులకు, ఋణగ్రహీతలకు

వ్యాపారులు కొటేషన్ ఇచ్చేటప్పుడు బ్రేకు, రిమ్ము, క్రాంకు, దీపం ఏ రకానివో విడివిడిగా వ్రాయాలి. విడి కేబుళ్లు, బ్రేకు రబ్బర్లు నిల్వ ఉంచాలి. ఋణగ్రహీతలు ధర ఒక్కటే చూడక, బరువు వేసి నడిపి చూసి కొనాలి. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన శిశు విభాగంలో చిరు వ్యాపారాలకు రూ. 50,000 వరకు తాకట్టు లేకుండా ఋణం లభిస్తుంది. దరఖాస్తు చేసేవారు సైకిలుతోపాటు మంచి బ్రేకు, దీపాల ఖర్చును కూడా అంచనాలో చేర్చాలి. వాటిపై ఆదా చేసిన కొద్ది సొమ్ము, ఒక్క ప్రమాదం జరిగితే ఆసుపత్రి ఖర్చుకు ఏ మూలకూ చాలదు.