యుద్ధంలో కురుసుర ఏం చేసింది?

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసి బయటికొచ్చే కుటుంబాల్ని కాసేపు గమనించండి. పిల్లలు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. ‘‘నాన్నా, ఘాజీని ముంచింది ఇదేనా?’’ చాలామంది నాన్నలు ‘‘అవున్రా’’ అనేసి ముంతమసాలా బండి వైపు నడుస్తారు.

కాదండీ. ముందే చెప్పేస్తున్నాను. 1971 యుద్ధంలో కురుసుర ఏ నౌకనూ ముంచలేదు. అసలు ఆ రోజుల్లో అది బంగాళాఖాతంలోనే లేదు.

ఈ గందరగోళానికి సగం కారణం సినిమా. 2017లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో, రానా హీరోగా వచ్చిన ‘ఘాజీ’లో ఎస్-21 అనే మన జలాంతర్గామి నీళ్ళ అడుగున పోరాడి పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ని ముంచేస్తుంది. సినిమాగా నాకూ నచ్చింది. కానీ నేవీ లెక్కల్లో ఎస్-21 అంటే ఐఎన్‌ఎస్ కరంజ్. కురుసుర నంబరు ఎస్-20. ఈ అక్కాచెల్లెళ్ళిద్దరూ అప్పుడు దేశానికి అటుపక్క, అరేబియా సముద్రంలో ఉన్నారు.

మరి అక్కడేం చేశారు? ఆ కథ సినిమాకు పనికిరాదు. నాకు మాత్రం అదే ఎక్కువ ఆసక్తి.

కురుసుర పుట్టింది చలిదేశంలో. 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రిగా రేవులో, కమాండర్ ఆడిట్టో సారథ్యంలో మన నౌకాదళంలో చేరింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బయల్దేరి ఆఫ్రికాను చుట్టి వచ్చింది. మనకది నాలుగో సబ్‌మెరైన్. ఇండియన్ నేవీ చేతికి జలాంతర్గాములు కొత్త, వాటిని నడిపేవాళ్ళకు సొంత యుద్ధానుభవం లేదు. అలాంటి సమయంలో రెండేళ్ళు తిరక్కుండానే యుద్ధం ముంచుకొచ్చింది.

1971 నవంబరు. తూర్పు సరిహద్దు కుతకుతలాడుతోంది కానీ యుద్ధం అని ఎవరూ ప్రకటించలేదు. ఆ నెల రెండో సగంలో కురుసుర అరేబియా సముద్రంలో గస్తీకి వెళ్ళింది. దానికిచ్చిన ఆదేశాలు చూస్తే కెప్టెన్ మీద జాలేస్తుంది. గీసిన రెండు ప్రాంతాల హద్దులు ప్రత్యేక అనుమతి లేకుండా దాటకూడదు. ఎదురుపడింది పాకిస్తాన్ యుద్ధనౌకే అని తేల్చుకోవాలి. తేల్చుకున్నా, పైనుంచి ఆజ్ఞ వస్తేనో, తన ప్రాణం మీదికి వస్తేనో తప్ప కొట్టకూడదు. సరుకు ఓడల జోలికైతే ఆజ్ఞ లేకుండా వెళ్ళనే కూడదు.

ఎందుకన్ని ఆంక్షలు? ఆ సముద్రంలో ప్రపంచంలోని సగం దేశాల ఓడలు తిరుగుతుంటాయి. పెరిస్కోప్‌లో కనబడే మసక ఆకారాన్ని చూసి తొందరపడి టార్పెడో వదిలితే, అది మూడో దేశం ఓడ అయితే? మొదలుకాని యుద్ధాన్ని మనమే మొదలుపెట్టినవాళ్ళమైతే? ఇరవై రెండు టార్పెడోలు మోయగలిగే సబ్‌మెరైన్‌కి ‘చూడు, విను, ఆగు’ అని చెప్పి పంపడం ఢిల్లీకి తేలిక. లోపలున్న 75 మందికి తేలిక కాదు.

ఆ లోపలి సంగతి ఇప్పుడు మనమూ టికెట్ కొనుక్కుని చూడొచ్చు. పొడవు 91 మీటర్లు అంటే పెద్దదే అనిపిస్తుంది. లోపలికెళ్ళాక తెలుస్తుంది, అందులో ఎక్కువ భాగం టార్పెడోలకు, ఇంజన్లకు, బ్యాటరీలకు, పైపులకు పోయిందని. మనిషికి మిగిలింది వాటి మధ్య సందు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి ద్వారంలోంచి నడుం వంచి, ముందు కాలు పెట్టి దూరాలి. సందర్శకులు నెత్తి కొట్టుకునేది అక్కడే. డ్యూటీ దిగినవాడు పడుకోవాలంటే డ్యూటీకి ఎక్కినవాడు లేవాలి. మంచినీళ్ళు కొలిచి వాడుకోవాలి, స్నానం మాట మర్చిపోవాలి. అన్నం, డీజిల్, చెమట అన్నీ కలిసిన వాసనతో వారాలు గడపాలి.

దీనికి తోడు ఊపిరి సమస్య. నీళ్ళ కింద నడిచేది బ్యాటరీలతో. అవి తగ్గితే డీజిల్ ఇంజన్లు వేసి ఛార్జి చేయాలి. ఇంజన్లకు గాలి కావాలి. అందుకని పైకి తేలాలి, లేదా నీటి పైభాగానికి దగ్గరగా వచ్చి గొట్టం ఒకటి పైకి పెట్టాలి. శత్రువుకు దొరికేది సాధారణంగా ఆ సమయంలోనే. పైగా కొట్టే అనుమతి లేని సబ్‌మెరైన్‌కి ఆ గొట్టం పైకి పెట్టిన ప్రతిసారీ ఎలా ఉండేదో ఊహించుకోండి.

నవంబరు 30న సముద్రంలోనే కరంజ్‌ని కలిసి, గస్తీ సంగతులు అప్పగించి, కురుసుర వెనక్కి తిరిగింది. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద బాంబులు వేశాయి. యుద్ధం అధికారికంగా మొదలైంది. కురుసుర బొంబాయి చేరింది డిసెంబరు 4న!

అదే డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ మన విశాఖ దగ్గర పేలి మునిగిపోయింది. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిందది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు చేరింది. అది ఇక్కడే ఉందన్న భ్రమ కల్పించింది పాత డిస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్. ఆ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలే ముంచాయని మన నేవీ అంటుంది. తమ మందుపాతర వల్లో, లోపలి ప్రమాదం వల్లో పేలిందని పాకిస్తాన్ అంటుంది. ఎవరి మాట నిజమైనా, సబ్‌మెరైన్ మునిగితే పారిపోవడానికి దారుండదు. ఒక్కరూ మిగల్లేదు. ఆరు రోజుల తర్వాత, డిసెంబరు 9న, పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఐఎన్‌ఎస్ ఖుక్రీని ముంచింది. కెప్టెన్ ముల్లాతో సహా 194 మంది పోయారు. సముద్రం అడుగున దాక్కున్న ఒక్క పడవ ఏం చేయగలదో రెండు దేశాలకూ ఆ వారంలో అర్థమైంది.

కురుసురకు అలాంటి క్షణం రాలేదు. రానందుకు దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళుంటే వాళ్ళతో నేను ఏకీభవించను. యుద్ధానికి ముందు వెళ్ళి, ఆదేశాల గీత దాటకుండా, 75 మందినీ ప్రాణాలతో తిరిగి తెచ్చింది. ఆ కెప్టెన్ చేయాల్సిన పని అదే.

ఆ తర్వాతి జీవితంలో ఓ ముచ్చట ఉంది. డెబ్బైల్లో విడిభాగాలు దొరక్క, కురుసుర సామాన్లు ఊడదీసి తోటి సబ్‌మెరైన్లకు వేశారు. ఇక దీని పని అయిపోయిందనుకున్నారు. ఎనభైల్లో మళ్ళీ బాగుచేసి సముద్రంలోకి పంపారు. 2001 ఫిబ్రవరి 27న రిటైరయ్యే నాటికి 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. భూమిని మూడుసార్లు చుట్టినదానికంటే ఎక్కువ.

దాన్ని బీచ్‌లో పెట్టాలన్న ఆలోచన వైస్ అడ్మిరల్ పస్రిచాది. నీళ్ళలోంచి 600 మీటర్లు లాగి ఇసుక మీద నిలబెట్టే పనికి ఏడాదిన్నర కాలం, ఐదున్నర కోట్ల రూపాయలు అయ్యాయి. 2002 ఆగస్టులో జనం కోసం తెరిచారు. లోపల వివరాలు చెప్పే గైడ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. రద్దీ లేని వేళ వెళ్ళండి. ఆదివారం సాయంత్రమైతే వెనకున్నవాళ్ళు తోస్తూనే ఉంటారు, గైడ్ మాట చెవిన పడేలోపే అటువైపు మెట్ల మీద తేలతారు.